సత్తమ్మ దాచిన బూట్లు

ఆత్మకూర్ (ఎస్) లో మా పక్కింటి సత్తమ్మ తన వాకిట్లో నిలబడి, మిర్యాలగూడ సంతలో ఉన్న గొర్రె కడుపుతో ఉందో లేదో చెప్పగలదు. సరే, మిర్యాలగూడ అన్నది కొంచెం ఎక్కువే. వీధి చివరనున్న గొర్రెనైతే ముట్టుకోకుండానే చెబుతుంది. నన్ను చదివించిన కాన్వెంటు సిస్టర్లు అబద్ధమాడితే చెయ్యి చాపమనేవారు. గోరంతను కొండంతగా సాగదీస్తే మాత్రం ఏమీ అనేవారు కాదు.

సత్తమ్మ మొగుడు ఐలయ్య పగలంతా మందతో చెలకల్లోనే ఉంటాడు. దొడ్డి పని అంతా ఆమెదే. గొర్రెపిల్లలను తల్లులు తిరిగొచ్చేదాకా గంప కింద కప్పి ఉంచుతుంది. సూడి గొర్రెను, అంటే కడుపుతో ఉన్నదాన్ని, నెలలు నిండాక మంద వెంట తోలనివ్వదు. గొర్రె నడక, మేత దగ్గర దాని తీరు చూసి "ఇది సూడిదే, పో" అందంటే కొనేవాళ్లు మారు మాట్లాడరు.

ఆమె కొడుకు ఉపేందర్ వాడపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆదివారాలు ఇంటికొస్తాడు. కోడలు నాగరాణికి పోలీసు కావాలని పట్టుదల. కిందటిసారి పరుగు పరీక్షలో కొద్దిలో తప్పింది. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ రానివ్వరు. అందుకే తెల్లవారకముందే బూట్లు కట్టుకుని కాలువ కట్ట మీద పరుగెత్తేది. బరువు తగ్గితే వేగం పెరుగుతుందని ఎవరో చెప్పారట, రాత్రి అన్నం మానేసింది.

ఆ నెల ఆమెకు ముట్టు రాలేదు.

సత్తమ్మ కోడలి నడక చూసింది. కంచం పక్కకు నెట్టడం చూసింది. ఎవరినీ అడగకుండా తీర్పు చెప్పేసింది. మర్నాడు పొద్దున బూట్లు మాయం.

"అత్తమ్మా, నా బూట్లేవీ?"

"నాకేమెరుక? ఉరుకుడు బంద్ పెట్టు. సూడి గొర్రెను మంద వెంట తోల్తరా ఎవరన్న?"

"నేను గొర్రెనా! టెస్టు చేసుకున్న. పుల్ల మీద ఒక్క గీతనే వచ్చింది, కడుపు లేదన్నట్టు."

"నా కండ్ల కంటె నీ పుల్లకు ఎక్కువ ఎరుకనా?"

"ఉరకకుంటె నౌకరి పోతది అత్తమ్మా."

"ఉరికితె కడుపు పోతదేమో, అది జెప్పు!"

పుల్ల నిజం చెప్పిందో లేదో నాగరాణికీ నమ్మకం లేదు. గోడ ఇవతల నుంచి నేను అందుకున్నాను.

"సత్తమ్మా, దవాఖానల డాక్టరమ్మకు గూడ కండ్లుంటయి. జర ఆమెను గూడ సూడనియ్యి."

"నీ చాయ్ నువ్వు తాగు కాకా" అందామె. కానీ గంటలో ముగ్గురం సూర్యాపేట ఆటోలో ఉన్నాం. నేను బీపీ గోళీల కోసం వెళ్లాను, నమ్మండి.

దవాఖానలో డాక్టర్ అనురాధ సొంతూరు కోదాడ. లోపల ఆమె అన్న మాటలు నాగరాణి తర్వాత చెప్పింది. సత్తమ్మ మాటలైతే బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లందరం విన్నాం.

"పిల్లలు వద్దని తీసుకునే జాగ్రత్త ఒక్కసారి తప్పినా గర్భం రావచ్చమ్మా. మరీ తొందరగా చేసుకుంటే ఆ టెస్టు ఉన్నా లేనట్టే చూపించొచ్చు. రక్తపరీక్షతో తేల్చుకుందాం" అందట డాక్టరమ్మ.

రక్తపరీక్షలో గర్భం లేదని తేలింది.

"మిషిను మంచిగ సూసిందా?" సత్తమ్మ గొంతు కారిడార్ దాటింది.

అప్పుడు డాక్టరమ్మ ఏం తింటున్నావని నాగరాణిని అడిగింది. విన్నాక సత్తమ్మ వైపు తిరిగింది.

"తిండి తగ్గించింది. ఒళ్లు హూనమయ్యేలా పరుగెత్తుతోంది. పైగా పరీక్ష బెంగ, నిద్ర లేదు. ఇప్పుడు బిడ్డను మోసే బలం లేదని ఒళ్లే నెలసరిని వాయిదా వేసిందండి. థైరాయిడ్ తేడా వల్ల, అండాశయాల్లో తేడా వల్ల కూడా ఇలా అవ్వచ్చు. అవి కూడా చూద్దాం."

"అంటె, కరువేడు గొర్రె ఎదకు రానట్టా?"

"అచ్చం అలాంటిదేనండి."

వెంటనే "నా ఇంట్ల కరువా!" అన్న మాట వినబడింది. వెనకే కోడలి మీద తిట్ల వాన కురిసింది. "కూడు మానేస్తె ఉరుకుడొస్తదని ఏ బట్టెబాజ్ జెప్పిండే నీకు?"

మిగతా పరీక్షల్లో ఏ తేడా లేదు. పరుగు మానక్కర్లేదు, కొన్నాళ్లు తగ్గించి కడుపునిండా తినమంది డాక్టరమ్మ. అయినా నెలసరి రాకపోతే మళ్లీ రమ్మంది. పొత్తికడుపులో గట్టిగా నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆగకుండా రమ్మంది.

ఇంటికి రాగానే సత్తమ్మ గంప ఎత్తింది. గొర్రెపిల్లల మధ్య బూట్లు ఉన్నాయి, లేసులు లేవు. నమిలేశాయి. గొంగడి నేయడానికి ఉంచిన నల్ల ఉన్ని తీసి, తొడ మీద పేని, రెండు తాళ్లు కట్టింది. ఆ రోజు నుంచి రాత్రిపూట కోడలి ఎదుటే కూర్చునేది. జొన్నరొట్టె, పప్పు, గుడ్డు అయిపోయేదాకా కంచం కదలనిచ్చేది కాదు.

కొన్ని వారాలకు నాగరాణి బయట కూర్చుంది. ఆనాడు సత్తమ్మ ఊరంతా చక్కెర పంచింది. సరే, ఊరంతా కాదు. ఎందుకో చెప్పకుండా నా నోట్లో ఒక చిటికెడు వేసి పోయింది.

పరుగు పరీక్ష రోజు నాగరాణి నల్ల ఉన్ని తాళ్ల బూట్లతోనే గీత దాటింది, సమయం ఇంకా మిగిలి ఉండగా. రాత పరీక్షకు ఇప్పుడు దీపం దగ్గర చదువుతోంది. పిల్లలను ఎప్పుడు కనాలన్నది మొగుడూ పెళ్లాం కలిసి డాక్టరమ్మతో మాట్లాడుకున్నారు. ఈసారి సత్తమ్మ నోరు మెదపలేదు.

ఇదంతా రాసి నిన్న ఆమెకు చదివి వినిపించాను. చంకలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్లతో నిలబడి చివరిదాకా విన్నది.

"అంత అబద్దమే కాకా. బూట్లు నేను దాయలే. దవాఖానకు నేను పోనే లే. అసలు మాకు గొర్రెలే లెవ్వు."