కెమెరాలో పుట్టిన తాలు కాయలు

నా రాత కోడిగీతలు, తప్పులూ ఎక్కువే. ఐదో తరగతితో బడి ఆగిపోయింది, మన్నించాలి. కాగితం మీద రాసిస్తే మా మనవరాలు ఇక్కడ ఎక్కించింది. పాత వీడియో కెమెరాలో తెల్ల చుక్కలు పడుతున్నవాళ్ళకు ఈ ప్రయాణం పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని మా పాత కెమెరాతో వీడియో తీసి, మనవరాలి చేత ఒంగోలు వ్యాపారికి పంపించాను. "ఇన్ని తాలు కాయలేంటండీ?" అన్నాడు. చూస్తే నిజమే, ఎర్రటి రాశి నిండా తెల్ల మచ్చలు. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ. వాటిని ఏరేది మస్తాన్‌బీ, ఆమె వెంట వచ్చే పదిమంది ఆడవాళ్ళు. రాశి తిరగేసి చూడకుండానే అందరి ముందూ, "కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా?" అనేశాను. ఆమె చేట కింద పెట్టి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ లేచారు. తర్వాత వెతికితే గుప్పెడు తాలు కూడా దొరకలేదు. కానీ మాట ఊళ్ళో పాకింది. ఒక రైతు అప్పుడే ఆమెను పనికి వద్దన్నాడు.

కెమెరా మీద అనుమానం వచ్చి, మర్నాడు దాన్ని పట్టుకుని ఎనిమిదింటి బస్సెక్కాను. గుంటూరు ముప్పావుగంట. బస్టాండు నుంచి షేర్ ఆటోకి ఇరవై రూపాయలు.

"ఏంటి పెద్దాయనా, సంచి అట్టా హత్తుకున్నావ్, బంగారమా?" అన్నాడు డ్రైవరు.

"కెమెరా."

"ఇంకా అయ్యి ఉన్నాయా!"

రిపేరు షాపు పదిన్నరకు గానీ తీయరు, తొందరపడి వెళ్ళకండి. షాపతను కెమెరాకు మూత పెట్టేసి వీడియో తీశాడు. నల్లటి తెర మీద అవే చుక్కలు, అవే చోట్ల.

"కాయల్లో కాదండీ, లోపల బొమ్మ పట్టే సెన్సర్‌లో ఉంది. కొన్ని చుక్కలు ఆరిపోకుండా వెలుగుతూనే ఉంటాయి. ఎండలో వేడెక్కితే ఇంకా పెరుగుతాయి" అన్నాడు. ఈ పాతదానికి బాగుచేసే వీలు లేదన్నాడు. డబ్బులేమీ తీసుకోలేదు.

మధ్యాహ్నానికి ఊరు చేరి, మస్తాన్‌బీ వాళ్ళు పనిచేస్తున్న వేరే కల్లానికి వెళ్ళాను. మూత పెట్టి తీసిన వీడియో చూపించాను.

"చీకట్లో కూడా తాలు పండించావే బాబాయ్!" అంది.

"తప్పు నాదేనమ్మా" అన్నాను, ఆమెకు మాత్రమే వినపడేట్టు.

"నిన్న గట్టిగానే అన్నావుగా? ఇదీ అట్టాగే చెప్పు."

నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అయినా నిలబడి, "మస్తాన్‌బీ ఏరిన కాయల్లో తాలు లేదు. తప్పు నా కెమెరాది, దాన్ని నమ్మిన నాది" అన్నాను. ఆ కల్లం రైతు కూడా విన్నాడు. మస్తాన్‌బీ పక్కకు జరిగి పీట చూపించి, "కూర్చో బాబాయ్. చేతులు ఖాళీగా ఉన్నాయిగా, నాలుగు కాయలు ఏరు" అంది.

సాయంత్రం దాకా ఏరాను. నడుం పట్టేసింది. ఇన్నేళ్ళు కాయలు పండించి, ఒక్క పూట కూడా ఆ పీట మీద కూర్చోలేదే అనిపించింది.

ఒక్క సలహా: మూత పెట్టి పది సెకన్లు వీడియో తీయండి. చుక్కలుంటే అవి కెమెరావే. మీ కెమెరాలోనూ ఇట్లా వచ్చిందా, ఎవరినైనా ఏమైనా అన్నారా? తొందరగా రాయండి, చూస్తుంటాను.