జహనుమాలో మోదుగుపూల పందిరి

ఇరవై ఏళ్లుగా పెళ్లిపందిళ్లకు పూలు కడుతున్న నా కత్తెర మీద ఒట్టు, ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

1976, ఫాల్గుణ మాసం. హైదరాబాద్ పాతబస్తీ జహనుమాలో ఒక ఫ్యాక్టరీ ఫిట్టరు కూతురు సుజాత పెళ్లి, ఇంటి వాకిట్లోనే. మల్లెలు, బంతులతో డెకరేషన్ చేస్తానన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"మల్లెలు వద్దు నర్సన్నా. ఊర్ల కట్టినట్టు మోదుగుపూల పందిరి గావాలె."

"అడివిపూలు గదమ్మా! నలుగురు నన్ను జూసి నవ్వుతరు."

"నలుగురి ఫికర్ నాకెందుకు? మా అవ్వకు కండ్లు మసకలు. తెల్లపూలు వెడితే గోడేదో పందిరేదో తెల్వది. గా ఎర్ర రంగొక్కటే అగుపడ్తది. నన్ను పెంచింది ఆమెనే. నా పెండ్లి ఆమె చూడాలె."

సరేనన్నాను.

పెళ్లికి ముందురోజు ఊరవతలి గుట్టల్లో నాలుగు గంపల పూలు కోయించి తెచ్చాను. వెదురుతో ఫ్రేము, అంటే పూలు నిలబెట్టే చట్రం, కట్టాను. సన్నటి ఇనుపతీగ, మా భాషలో బైండింగ్ వైరు, సిద్ధం చేశాను. ఆపైన అలవాటు కొద్దీ, మల్లెలకు చేసినట్టే, గంపల మీద కుండెడు నీళ్లు చల్లి తడిగోనె కప్పాను.

తెల్లవారి గోనె తీస్తే పూలు ఉడికిన కూరలా మెత్తబడి ఉన్నాయి. రంగు కొంత కారి గోనెకు పట్టింది. ముహూర్తం మధ్యాహ్నం పన్నెండుకు. సుజాత పసుపుబట్టలతోనే వచ్చి చూసింది.

"ఏందన్నా గిది?" అన్నది.

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. "రంగు యాడికి పోలేదమ్మా, గీ పూలల్లనే మస్తుగున్నది!" అన్నాను. పెద్ద డేగిసాలో పూలు ఉడికించి, చిటికెడు సున్నం వేశాను. పసుపుపచ్చని నీళ్లు చూస్తుండగానే నిప్పురంగుకు తిరిగాయి. పాత ధోవతులు చింపి ముంచి, ఎండలో ఆరేసి, ఒక్కో పేలికను చిలుకముక్కులా మడిచి, మోదుగాకులతో కలిపి ఫ్రేముకు కట్టాం. వాడకట్టు ఆడవాళ్లంతా చెయ్యి వేశారు. పదకొండున్నరకు పందిరి మంట లేచినట్టు నిలబడింది. ఫలక్‌నుమా గుట్ట మీది చిలుకలు గుంపుగా వచ్చి, గుడ్డపూలలో తేనె వెతికి, దొరక్క మమ్మల్ని తిట్టిపోయాయి.

అవ్వను పందిరి ఎదుట పీట మీద కూర్చోబెట్టారు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"అగుపడ్తున్నదా అవ్వా?" అన్నది సుజాత.

"ఎందుకు అగుపడదే? గా ఎరుపు ముంగట నల్లగ నిలవడ్డది నువ్వే గద!"

వాకిలంతా నవ్వింది. పెళ్లికూతురు ఒక్కతే కళ్లు తుడుచుకుంది.

ఒట్టు పెట్టిన కత్తెర ఇంకా చేతిలోనే ఉంది కనుక, ఒక్క కల్పన ఒప్పుకుంటాను. నా బుర్రలో ఏ మెరుపూ మెరవలేదు. గంపల పక్కన తల పట్టుకుని కూర్చున్నాను. అవ్వే తడుముకుంటూ వచ్చి, ఒక పువ్వు నలిపి చూసి, "మోదుగుపువ్వుకు నీళ్లు చల్లుతరా పిలగా? గిది సిగల వెట్టే పువ్వా? రంగువెట్టే పువ్వు. పొయ్యిమీద డేగిసా ఎక్కియ్యి, లొల్లి జెయ్యకు" అన్నది. సున్నం ఆమె నడుముకు దోపిన వక్కల సంచిలోది. ఆ మడత నేర్పినవీ ఆ వేళ్లే. తాను చూడవలసిన పందిరిని చూపు మసకైన ఆ ముసలామె తానే చేసుకుంది.

అప్పటినుంచి తెలియని పువ్వు చేతికొస్తే, దాన్ని ఎరిగినవాళ్లను అడిగాకే నీళ్లచెంబు ముట్టుకుంటున్నాను.

చిలుకలు మాత్రం నిజంగానే వచ్చాయి.