గిటారులో గోళ్లు

దయ్యాల మాటెత్తితే నవ్వేవాణ్ని. బొంబాయి కామాటిపురలో ఒంటిగదుల వరసగా ఉండే మా చాళ్లో, కుళాయి దగ్గర ఆడవాళ్లు చెప్పుకునే కథలు ఎన్నడూ చెవిన పెట్టలేదు. ఇది మాత్రం ఎవరో చెప్పింది కాదు. నా చేతులతో ఊడ్చి పారేసింది.

ఎనభైల మొదట్లో పెళ్లిళ్లకు, గణపతి పందిళ్లకు వెళ్లే ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాణ్ని. ఫాక్‌లాండ్ రోడ్డులో పాత సామాను దుకాణంలో అమెరికాలో చేసిన ఎలక్ట్రిక్ గిటారు ఒకటి దొరికింది. నాకంటే వయసులో పెద్దది. చేయి ఆనేచోట ఎర్రరంగు పోయి, చెక్క జిడ్డుతో నల్లబడింది. స్పిరిటుతో ఎంత తుడిచినా ఆ జిడ్డు మళ్లీ ఊరేది. కానీ ఆ మోత! అలాంటిది మా జట్టులో ఎవరి దగ్గరా లేదు.

కొన్నాళ్లకే లోపల ఏదో గలగలమంది. ఒక మధ్యాహ్నం వెనక పలక మరలు విప్పి, చాపమీద బోర్లించాను. కత్తిరించిన గోళ్లు రాలాయి. గుప్పెడు. పచ్చబడి, మురికి పట్టినవి.

పక్కన బియ్యం ఏరుతున్న మా వదిన చాట దూరం జరిపింది.

"థూ! ఏంది మరిదీ ఇది? తినే జాగల ఎవని గోళ్లో పోసినవ్. కచరాల పడెయ్, పో!"

పాత యజమాని పాడు అలవాటనుకున్నాను. లోపలంతా తుడిచి, మరలు బిగించి, మళ్లీ వదులు కాకుండా వాటిమీద లక్క కరిగించి పోశాను.

పది రోజులకు మళ్లీ గలగల. లక్క చెక్కుచెదరలేదు. గీకి విప్పితే మళ్లీ గోళ్లే. ఈసారి తెల్లగా, మెత్తగా, అప్పుడే కత్తిరించినట్టున్నాయి. వాటిలో ఒక బొటనవేలి గోరు నడిమికి చీలి ఉంది. కూలిపని చేసే రోజుల్లో ఇటుక పడి, నా కుడి బొటనగోరు అలాగే చీలింది.

చేతులు చూసుకున్నాను. పది వేళ్లకూ గోళ్లు మొదలంటా కత్తిరించి ఉన్నాయి. గిటారు కొన్నాక ఒక్కసారీ కత్తిరించుకున్న గుర్తు లేదు. మురికినీళ్ల మోరీ దగ్గరికి పరుగెత్తి కక్కుకున్నాను. రెండు రోజులు ఆ చేత్తో అన్నం కలపలేక చెంచాతో తిన్నాను.

గిటారు అమ్మేస్తానని జట్టులో చెప్పాను. ధారావి నుంచి ఒక గిటారిస్టు కొనడానికి వచ్చాడు. మన తెలుగువాడే.

"గింత మంచిది ఎందుకు అమ్ముతున్నవ్ భయ్యా? ఏమన్న ఖరాబున్నదా?"

"ఏం లేదు. పెండ్లి కుదిరింది."

అబద్ధం. గోళ్లకంటే ఆ మాటే నాకు ఎక్కువ రోత పుట్టిస్తుంది.

అతను గిటారు పట్టుకుపోయిన వారం తిరక్కుండా నా గోళ్లు పెరగడం మొదలైంది. లక్క పగలకుండా అవి లోపలికెలా పోయాయో, ఎవరు కత్తిరించారో ఈనాటికీ నాకు తెలియదు. ఆ ధారావి అతను తర్వాత ఒక పందిట్లో కనిపించి, కలపడానికి చేయి చాచాడు. నేను అతని వేళ్లవంక చూడకుండా, రెండు చేతులూ ఎత్తి దూరం నుంచే దండం పెట్టి వచ్చేశాను.