హంపన్న పూచీ

“ఏడాది వేస్తే ఏడాదీ ఉండొస్తాను తమ్ముడూ. బళ్లారి జైల్లో సంగటి పెడతారంట, అదీ తింటాను. అంతేగానీ ఆ హంపన్న పూచీ మీద బయట తిరగమంటే మాత్రం నావల్ల కాదు.”

పలకరించడానికి వచ్చిన ఊరి కుర్రాడితో ఈ మాట అంటూ వెంకటప్పయ్య నులకమంచం మీద అటు తిరిగి కూర్చున్నాడు. చేతిలో చుట్ట ఎప్పుడో ఆరిపోయింది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

డ్యాం నీళ్లు కాలవల్లోకి వదిలిన కొత్తలో దివిసీమ నుంచి వచ్చి, తెక్కలకోట దగ్గర రేగడి నేల కొన్న మనిషి ఆయన. అప్పటికి ఇక్కడివాళ్లకు జొన్న తెలుసు, పత్తి తెలుసు. ఈయన మోకాలి లోతు బురదలో దిగి నాట్లు వేయిస్తుంటే ఆడవాళ్లు గట్టు మీద నిలబడి నవ్వారు. నవ్వకుండా మళ్లోకి దిగినవాడు పక్క చేను హంపన్న ఒక్కడే. నారు ఎట్ల పీకాల, నీళ్లు ఎంత బెట్టాల అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవాడు. వాడు అడుగుతుంటే వెంకటప్పయ్యకు కడుపు నిండినట్టుండేది.

కొన్ని పంటలు గడిచాక హంపన్న అడగడం మానేశాడు. ఎదురుపడితే పిల్లల క్షేమం అడుగుతాడు, ఎద్దుల సంగతి అడుగుతాడు, వరి ఊసు ఎత్తడు. వాడి పైరు మాత్రం ఈయన పైరుకన్నా పిసరంత ఎత్తుగా, వెన్ను పిసరంత బరువుగా వస్తోంది. తెల్లవారుతూనే వెంకటప్పయ్య వాడి గట్టు మీదికి పోయి రెండు పైర్లనూ కంటితో కొలిచేవాడు. మన మళ్లోకన్నా ఆయన మళ్లోనే ఎక్కువసేపు ఉంటున్నారని భార్య హనుమాయమ్మ దెప్పిపొడిచేది.

నిరుడు హగరి వ్యవసాయ ఫారం నుంచి ఆఫీసర్లు పైర్లు చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. వెంకటప్పయ్య ఉతికిన ఉత్తరీయం వేసుకుని, మజ్జిగ చిలికించి, గట్టు మీద కాచుకుని కూర్చున్నాడు. జీపు ఆయన గట్టు దగ్గరే ఆగింది. మజ్జిగ తాగారు. బాగుందన్నారు. ఇక్కడ హంపన్న మడి ఎక్కడండీ అని అడిగారు. దారి చూపిస్తూ ఆయనే వాళ్ల ముందు నడవాల్సి వచ్చింది.

అక్కడ హంపన్న తిట్టినా బాగుండేది. పొగిడాడు. “నాకు వరి నేర్పించిన గురువు ఈయప్పనే సార్. అయితే మా రేగడికి దినామూ నీళ్లు నిలబెడితే ఏర్లు కుళ్తాయి. అందుకే నేను మధ్యమధ్యలో ఆరబెడతాండా.”

మీరూ అట్లా చేసి చూడండి అన్నాడు ఆఫీసరు, ఈయన వైపు తిరిగి. డెల్టాలో పుట్టిన మనిషికి నీళ్లు లేని వరిమడి దీపం పెట్టని ఇల్లులా కనిపిస్తుంది. ఆయన వినలేదు.

మర్నాడు పొద్దున పోయి చూస్తే, ఈయన గట్టుకు గండి కొట్టి నీళ్లు కిందికి వదిలేస్తున్నాడు హంపన్న. మొహం నిండా నవ్వు.

“నువ్వు చెయ్యవని నేనే వచ్చినా అన్నా. వారం ఆరనీ, చూడు.”

వెంకటప్పయ్య వాడి చేతిలో పార లాక్కున్నాడు. దాని కర్ర కామ తిప్పి నెత్తిన ఒక్కటిచ్చాడు. తల చిట్లింది, ఆస్పత్రిలో కుట్లు పడ్డాయి, కేసైంది.

పెద్దమనుషులు రాజీకి తిరిగారు. రాజీ అంటే వాడు క్షమించినట్టే గదా అని ఈయన ఒప్పుకోలేదు. కోర్టులో ఎవరూ గట్టిగా అడగకముందే కొట్టాను అని గట్టిగా చెప్పేశాడు. నేరం రుజువైంది. శిక్ష సంగతి వచ్చే వాయిదాకు పడింది.

వకీలు దయాసాగర్ ఓపికగా విడమరిచి చెప్పాడు. ఇట్లాంటి దెబ్బకు చట్టంలో ఏడాది దాకా జైలుంది, జుల్మానా ఉంది, రెండూ కలిపి వేయనూ వచ్చు. కానీ ముందెన్నడూ శిక్షపడని మనిషి గనక, సత్ప్రవర్తనతో ఉంటానని ముచ్చలికా పత్రం రాయించుకుని జడ్జిగారు వదిలేయవచ్చు. దానికి ఊళ్లో భూమి ఉన్న మనిషి ఒకడు పూచీ పడాలి. మళ్లీ చెయ్యెత్తితే మాత్రం ఈ శిక్ష కూడా నెత్తిమీదికొస్తుంది.

ఆ ఒక్క మనిషి దొరకలేదు. సుబ్బరాయుడు దివిసీమవాడే, వరసకు బావమరిది. నీ నాట్ల కూలీలను ఎత్తుకుపోయానని పోయినేడు నన్ను ఊరంతా తిట్టావు గదా అన్నాడు. ఆ సీమ నుంచే వచ్చిన వెంకట్రావు కొత్త ఎద్దులను కుంటివని ఊరంతా చెప్పింది ఈయనే. దివిసీమవాళ్ల పేటలో ఈయన కన్ను పడని పైరు లేదు, కొట్టం లేదు. పూచీ అనగానే అందరికీ పనులు గుర్తొచ్చాయి.

అప్పుడు హంపన్న వచ్చాడు. హనుమాయమ్మ వాడికి పెద్ద ఇత్తడి గ్లాసులో కాఫీ ఇచ్చింది. అల్లుడొస్తే తప్ప దించని గ్లాసు అది. వెంకటప్పయ్య ఆ గ్లాసునే చూస్తూ కూర్చున్నాడు.

“నేను నిలబడతాండా అన్నా. జడ్జిగారికి నేనే చెప్తా, మా అన్న కోపిష్టే గానీ చెడ్డోడు గాదని.”

దెబ్బ తిన్నవాడే పూచీ పడటం ఇంతవరకూ చూడలేదనీ, చట్టం మాత్రం అడ్డు చెప్పదనీ దయాసాగర్ నవ్వాడు. అది విన్నప్పటి నుంచీ ఈయన జైలుకే పోతానంటున్నాడు.

లోపల బియ్యం చెరుగుతున్న హనుమాయమ్మ చేట ఆపింది.

“పోయి రండి. పైరు గురించి బెంగ లేదు లెండి. అన్న వచ్చేదాకా మీ మడి కూడా నేనే చూస్తా అక్కా అన్నాడు హంపన్న.”

వెంకటప్పయ్యకు అంతా కళ్లకు కట్టింది. తన మడి, వాడు పెట్టిన నీళ్లు, వాడు ఆరబెట్టిన నేల. ఎన్నడూ లేనంత బరువుగా వంగిన వెన్నులు. హగరి జీపు మళ్లీ తన గట్టు దగ్గరే ఆగి, హంపన్న ఎక్కడని అడగడం.

“నువ్వేమన్నావు?”

“సరే అన్నాను. ఇంకేమంటారు, అంత మంచిగా అడుగుతా ఉంటే?”

ఈడకొచ్చి నీ మాట కూడా వాళ్ల మాటే అయిందని ఆమెను కసిరాడు. ఆరిన చుట్టను చూసుకుని అవతల పారేశాడు. కండువా దులిపి భుజాన వేసుకుని మంచం మీంచి లేచాడు.

“తమ్ముడూ, నువ్వు పొయ్యేది హంపన్న ఇంటి ముందు నుంచే గదా. వాయిదాకు రమ్మని చెప్పు, వకీలు ఎక్కడ పెట్టమంటే అక్కడ నేనూ సంతకం పెడతాను. వాణ్ని మాత్రం తలకు రుమాలు చుట్టుకుని రమ్మను. చెవుల దాకా దించి, ఆ కుట్ల మచ్చ కనపడకుండా. కనబడితే కోర్టులో జనమంతా వాణ్నే దేవుడంటారు. నేను చెప్పమన్నానని మాత్రం అనకు.”