చేప గుర్తు తూము

మా తమ్ముడి కాలు విరగ్గొట్టింది నేనే. పేలుడులో విరిగిందని అందరూ అనుకుంటారు. అనుకోనీ!

కడప పొలిమేరలో రాజుల కాలం నాటి చెరువు ఉండేది. దాని తూము తెరిచి మూసే పని మా నాయనది. తూము రాతి స్తంభం మీద ఒక చేప చెక్కి ఉండేది. నీళ్ళు ఆ చేప కిందికి దిగితే తూము మూసేయాలని దాని అర్థం, అంతే. మంగంపేట ముగ్గురాయి గనుల్లో రాళ్ళు పేల్చే మా తమ్ముడికి మాత్రం, అది నిధి గుర్తని ఎవడో పుణ్యాత్ముడు ఎక్కించాడు.

అప్పుడు వరి పొట్ట మీద ఉంది. చెరువులో ఇంకో రెండు తడులకే నీళ్ళున్నాయి. మధ్యాహ్నం నాయనకు సంగటి తీసుకుపోతే తూము దగ్గర కేకలు వినపడ్డాయి. తమ్ముడు స్తంభం మొదట్లో మందు కూరి, అగ్గిపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. నాయన స్తంభాన్ని కావిలించుకుని కూర్చున్నాడు.

"వత్తి అంటిస్తాండా, లెయ్ నాయనా!"

"అంటించుకో పో! నీళ్ళన్నీ పోతే రైతులకు నా మొగం యాడ చూపించల్ల?"

అంటించాడు. నాయన కదల్లేదు. వాడు ఆయన్ని జుట్టు పట్టి ఈడ్చి, రొమ్ము మీద తన్నాడు. ముసలాయన రాళ్ళ మీద పడ్డాడు, చెయ్యి పటుక్కుమంది. అక్కడున్న గడ్డపార తీసుకుని వాడి మోకాలి మీద ఒక్కటేశాను. ఛీ, నా కోపం పాడుగాను! ఆ చేత్తో వత్తి పీకేసి ఉంటే చెరువు మిగిలేది. వత్తి కాలుతూనే ఉంది, నేను వాణ్ణి ఇంకో దెబ్బ వేశాను.

ఆ తర్వాతే గడ్డపార పారేసి, నాయనను కట్ట వెంట దూరంగా లాగాను. తమ్ముడు పాకుతూ వచ్చాడు. తూము పేలింది. రాళ్ళు మా తలల మీదుగా ఎగిరాయి. తూము దగ్గర కట్ట తెగి, నీళ్ళు ఎర్రగా వరి మీద పడ్డాయి. నాయన ఏడ్చాడు. ఆయన ఏడవడం అంతకుముందు నేను చూడలేదు.

తమ్ముడు నా కొంగు పట్టి గుంజాడు. నొప్పికి తట్టుకోలేక అనుకున్నాను.

"గుంతలో ఏమన్నా కనపడతాండాదా అక్కా?"

పక్కన పడిన రాయి రెండు చేతులా ఎత్తాను, వాడి తల మీద వేద్దామనే. విరగని చేత్తో నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"చెరువు పాయె. వాణ్ణన్నా ఉండనీమ్మా" అన్నాడు.