గేటు దగ్గర సున్నపు గీత

మొన్న సాయంత్రం మా ఎదురింటావిడ మనవరాలు చేతిలో మైసూర్‌పాక్ డబ్బాతో, ముఖం నిండా నవ్వుతో వచ్చి, బెంగళూరులో ఒక పెద్ద బడిలో తనకు బ్యాండు టీచరు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే ఆ పిల్లకంటే నేనే ఎక్కువ సంబరపడ్డాను. మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయి స్టూలెక్కి, బీరువా మీద పాత దుప్పటిలో చుట్టి పెట్టిన నా బ్యాండు కర్రను కిందికి దించాను. అదేనండీ, బ్యాండుకు ముందు నడిచేవాళ్ళు పైకీ కిందికీ ఆడిస్తారే, కొసన వెండి రంగు గుండు ఉంటుంది, ఆ కర్ర. ఆ పిల్ల సంగీతంలో పరీక్షల మీద పరీక్షలు రాసిందట, చెన్నైలో శిక్షణ పొందిందట, ఎక్కడో విదేశంలో ఉన్న మాస్టరు దగ్గర ఫోనులోనే పాఠాలు నేర్చుకుందట. అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి, "మీరు యాడ చదివినారవ్వా ఈ పనికి?" అని అడిగింది. నాకు నవ్వాగలేదు.

నా చదువు మా ఇంటి వరండాలోనే మొదలైంది. మా నాయన పెళ్ళిళ్ళకు వాయించే బ్యాండు సెట్టులో క్లారినెట్ ఊదేవాడు. తమిళనాడులోని మా ధర్మపురి చుట్టుపక్కల, అటు నల్లంపల్లి నుంచి ఇటు ఇండూరు దాకా, మా నాయన ఊదని ఊరేగింపు లేదని మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. ముహూర్తాల నెల వచ్చిందంటే ఇల్లంతా ఎర్ర కోట్లే, వాటికి బంగారు రంగు కుచ్చులు, ఒక మూల డ్రమ్ముల తోళ్ళు ఎండలో బిగుసుకుంటూ ఉండేవి, ఇంకో మూల ఇత్తడి బాకాలను చింతపండుతో తోముతూ నేనుండేదాన్ని. తోమినదాన్ని ఊదకుండా ఉంటానా? ఆడపిల్ల ఊరేగింపులో నడవకూడదు గానీ ఇంట్లో ఊదుకుంటే ఎవరికేం నష్టమని మా నాయన విననట్టే ఊరుకునేవాడు. స్వరం తప్పితే మాత్రం గోడ అవతల నుంచి ఒక దగ్గు వినిపించేది. ఆ దగ్గులోనే నేను సగం సంగీతం నేర్చుకున్నాను.

మా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగులో రాస్తున్న ఈ నాలుగక్షరాలు కూడా పెళ్ళయ్యాక, కుప్పం వైపు నుంచి వచ్చిన మా అత్తగారు పట్టుబట్టి నేర్పినవే, కాబట్టి ఇందులో తప్పులేవైనా ఉంటే ఆవిడ ఖాతాలో వేయండి. సరే, అసలు సంగతికి వస్తాను. డ్రిల్లు టీచరు శిక్షణ ముగించుకుని మా ఊళ్ళోనే ఒక ఆడపిల్లల బడిలో తాత్కాలికంగా చేరిన కొత్తలో, ఊళ్ళో ఒక ధర్మాత్ముడు బడికి బ్యాండు సామానంతా కొనిచ్చాడు. డ్రమ్ములు, ఫ్లూట్లు, తాళాలు, అన్నీ ఆటల గదిలో వలల మధ్య, గాలిపోయిన బంతుల మధ్య పడి ఉండేవి. ఒకనాడు మా పెద్ద టీచరమ్మ, అంటే హెడ్‌మిస్ట్రెస్, వీటిని పిల్లలకు నేర్పేవాళ్ళెవరైనా ఉన్నారా అని మమ్మల్నందరినీ కూర్చోబెట్టి అడిగితే, ఆవిడ మాట పూర్తి కాకముందే నా చెయ్యి లేచింది. చెయ్యి లేచిన తరువాత నాకు భయం వేసింది.

పెద్ద టీచరమ్మ మంచి మనిషే గానీ మాట కచ్చితం. వేసవి సెలవుల్లో బెంగళూరు పోయి శిక్షణ తీసుకుని రావాలి, వచ్చే జనవరి ఇరవై ఆరున జిల్లా మైదానంలో కవాతుకు ముందు మన బ్యాండు నడవాలి, అది సరిగ్గా జరిగితే నన్ను బ్యాండు టీచరుగా ఖాయం చేయిస్తుంది, జరగకపోతే సామానంతా మగపిల్లల బడి డ్రిల్లు మాస్టరు చేతికి పోతుంది, నేను ఇంటికి పోతాను. అంతకంటే మరో మాట లేదు. ఆ రోజుల్లో బ్యాండు టీచరు అనే ఉద్యోగంలో ఆడమనిషిని మా జిల్లాలో ఎవరూ చూసి ఉండరు. నాకు ఆ ఉద్యోగం కావాలి. అన్నం కావాలన్నంత గట్టిగా కావాలి.

బెంగళూరులో మా చిన్నమ్మ ఇంట్లో ఉంటూ శిక్షణకు పోయేదాన్ని. పట్టాళంలో, అంటే సైన్యంలో, బ్యాండు వాయించి పింఛను మీద వచ్చిన ఒక పెద్దాయన, బడుల బ్యాండు మాస్టర్ల కోసం ఒక రేకుల షెడ్డులో పాఠాలు చెప్పేవాడు. వచ్చినవాళ్ళందరూ మగవాళ్ళు, నేనొక్కదాన్నే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నిలబడేదాన్ని. అబ్బ, ఎంత పని చేయించాడో ఆయన. పొద్దున కవాతు, ఎండెక్కితే పాత లారీ టైరు మీద పుల్లలతో దెబ్బలు, మధ్యాహ్నం గీతల మీద చీమల బారుల్లా కనబడే ఇంగ్లీషు స్వరాలు, సాయంత్రం డ్రమ్ము విప్పడం, బిగించడం, ఫ్లూటుకు ఆయిలు పెట్టడం. పొట్టిపిల్లను ఎక్కడ నిలబెట్టాలి, ఊపిరి తక్కువ ఉన్న పిల్లకు ఏది ఇవ్వాలి, ఇవన్నీ కన్నడంలో కొంత, హిందీలో కొంత, కంటిచూపుతో మిగిలింది చెప్పేవాడు. బ్యాండు నడిపేవాళ్ళు వాద్యాలను కాదు, పాదాలను వినాలన్నది ఆయన మాట. ఇంటికి పోయి చిన్నమ్మ పిల్లలు వాకిట్లో పరిగెత్తుతుంటే కూడా నేను కళ్ళు మూసుకుని పాదాలే వినేదాన్ని.

అయితే నా పాదాలే నా మాట వినలేదు. కవాతులో మొదటి అడుగు ఎడమ కాలిది, పెద్ద డ్రమ్ము దెబ్బ పడేది కూడా ఎడమ కాలి మీదే. నేనేమో పెళ్ళి బ్యాండు ఇంటి పిల్లను. పెళ్ళికూతురు ఇంటి ముందు నుంచి ఊరేగింపు కదిలిందంటే మా నాయన వాళ్ళందరూ కుడికాలే ముందు వేసేవాళ్ళు, ఇంట్లో కొత్త చీర కట్టుకుని బయలుదేరినా కుడికాలే. విజిల్ మోగగానే నా కుడికాలు నా ప్రమేయం లేకుండానే లేచేది, పక్కనున్న మాస్టర్లు మూతి బిగించి నవ్వుకునేవాళ్ళు. పెద్దాయన నవ్వలేదు. పెద్ద డ్రమ్మును నా మెడకు తగిలించి, ఎడమ కాలు నేల తాకినప్పుడే కొట్టమని షెడ్డు చుట్టూ తిప్పాడు. కొన్నాళ్ళకు నా ఒళ్ళు దారికి వచ్చింది.

బడి తెరిచాక మొదలైన సందడి ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది. పిల్లల్లో చాలామంది తల్లులు కూలికి పోయేవాళ్ళు, కొందరు మేస్త్రీల దగ్గర ఇటుకలు, సిమెంటు మోసే చిత్తాళు పనికి పోయేవాళ్ళు. పనికి పోతూ పోతూ ప్రహరీ గోడ దగ్గర తట్టలు దించి, తమ బిడ్డలు డ్రమ్ములు కొడుతుంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని చూసేవాళ్ళు. ఒక చిత్తాళు కూతురు, గట్టి పిల్ల, పెద్ద డ్రమ్మును ఒక్కతే ఎత్తి మెడకు తగిలించుకుంది, ఇక దాన్ని మరొకరికి ఇస్తే ఊరుకునేది కాదు. మా నాయన ముహూర్తం లేని రోజున వచ్చి, ఫ్లూటు పిల్లలకు ఊపిరి పట్టడం నేర్పేవాడు, మధ్యలో ఎవరూ చూడకుండా కవాతు పాటలో ఒక పెళ్ళి ఒంపు చేర్చిపోయేవాడు. దాన్ని తీసేయడానికి నాకు మళ్ళీ వారం పట్టేది. తీసేశాక కొంచెం బెంగగా కూడా ఉండేది.

కవాతు దగ్గరపడ్డాక జిల్లా మైదానంలో మొదటి రిహార్సల్ పెట్టారు. బడి ఆవరణలో మా పిల్లలు ఒక్క అడుగు తప్పేవాళ్ళు కాదు, అందుకే నేను ధీమాగా కర్ర ఎత్తి, కదలమని సైగ చేశాను. అంతే, వెనక ఏదో కూలినట్టు చప్పుడైంది. సగం మంది ఎడమ కాలు వేశారు, సగం మంది కుడికాలు వేశారు. డ్రమ్ములు ఒకదానికొకటి కొట్టుకున్నాయి, ఒక ఫ్లూటు కొస ముందు పిల్ల జడలో చిక్కుకుంది, వెనక వస్తున్న బడులన్నీ ఆగిపోయాయి. కవాతు చూసుకునే పోలీసు అధికారి తల పక్కకు తిప్పుకున్నాడు. మగపిల్లల బడి మాస్టరు, సామాను తమకిస్తే ఈ కొద్ది రోజుల్లోనే నిలబెడతానని పెద్ద టీచరమ్మతో నా ఎదురుగానే అన్నాడు. ఆవిడ నా వైపు చూసి, మర్నాడు ఇంకొక్కసారి చూస్తానంది.

బడికి వచ్చాక, కుడికాలు ఎందుకు వేశారని పిల్లల్ని అడిగాను. పెద్ద డ్రమ్ము పిల్ల తల వంచుకుని, "మా యమ్మ చెప్పింది టీచర్, కొత్త తావుకు మంచి పనికి పోతే కుడికాలు పెట్టి పోవల్ల అని. కవాతు బాగుంటేనే మీకు ఉద్యోగమంట గదా. ఎడమకాలు పెట్టి మీ పనికి చెరుపు చేసేదానికి మాకు మనసు రాలేదు" అంది. పక్క పిల్లలు కూడా అవునన్నట్టు తలలూపారు. తిడదామని నిలబడిన నేను ఏడ్చేశాను. నా ఉద్యోగం పోకూడదని నా పిల్లలు ఆ అడుగు వేశారు, ఆ అడుగుతోనే అది పోయేటట్టుంది. వాళ్ళకు ఏమని చెప్పను? మీ అమ్మల మాట వినకండి అని చెప్పడానికి నాకూ నోరు రాలేదు.

మర్నాడు పొద్దున మంచులో బడికి బయలుదేరుతూ మా ఇంటి గడప దగ్గర చెప్పులు వేసుకోబోయి ఆగిపోయాను. నా కుడికాలు గడప దాటింది, ఆ తరువాత మెట్టు మీద పడింది ఎడమ కాలు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎవరి అమ్మ చెప్పినా కుడికాలు గడపకే కదా, దారికి కాదు కదా. మైదానానికి గడప లేదు, అంతే తక్కువ. నేను చెప్పులు కూడా సరిగ్గా తగిలించుకోకుండా వెనక్కి తిరిగి ఇంట్లోకి పరుగెత్తి ఈ సంగతి చెబితే, మా నాయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "బాగుందే నీ లెక్క. గడపకు కుడికాలు, దారికి ఎడమకాలు, ఎవురికీ కోపం లేదు" అని పగలబడి నవ్వాడు.

ఆటల గదిలో పరుగు పందేలకు గీతలు గీసే సున్నపు పొడి తీసుకుపోయి మైదానం గేటుకు అడ్డంగా ఒక తెల్లటి గీత గీశాను. పిల్లల్ని ఒక్కొక్కరినే ఆ గీత మీదుగా కుడికాలు పెట్టి దాటించాను. పెద్ద డ్రమ్ము పిల్ల దాటి, పనికి పోతూ గేటు బయట ఆగిన వాళ్ళమ్మ వైపు చూసింది, ఆవిడ తట్ట కింద పెట్టి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అందరూ లోపలికి వచ్చి వరుసలో నిలబడ్డాక, మీ అమ్మల మాట చెల్లించేశాం, ఇప్పుడు నా మాట వినండి అన్నాను. కర్ర ఎత్తాను. ఎడమ కాళ్ళన్నీ ఒక్కసారే లేచాయి.

ఇరవై ఆరున కూడా అలాగే గీత గీశాను, అలాగే దాటించాను. ఆనాటి నడక గురించి ఏం చెప్పను. మంచు విడిపోతూ ఉంది, డ్రమ్ము మోగుతూ ఉంది, మా వెనక జిల్లాలోని బడులన్నీ మా దెబ్బకే నడుస్తున్నాయి. నేను ముందు నడుస్తున్నాను, వెనక్కి తిరిగి చూడకూడదు, అందుకే విన్నాను. పాదాలన్నీ ఒకే పాదంలా పడుతున్నాయి. వేదిక దాటుతుంటే కంచె అవతల జనంలో ఎర్రగా ఏదో కనిపించింది. ఏదో పెళ్ళి ఊరేగింపు ముగించుకుని కోటైనా విప్పకుండా వచ్చిన మా నాయన, క్లారినెట్ చంకలో పెట్టుకుని, నిలబడ్డచోటే మాతో పాటు కాళ్ళు ఆడిస్తున్నాడు. ఎడమ కాలే ముందు. నవ్వు ఆపుకోవడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే పెద్ద టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని, సామాను ఎక్కడికీ పోదంది, నేనూ ఎక్కడికీ పోనవసరం లేదంది. రిటైరయ్యేదాకా పోలేదు.

ఇదంతా విని ఆ ఎదురింటి పిల్ల చప్పట్లు కొట్టింది. మీ బడి మైదానానికి గేటు ఎటు వైపుందని అడిగాను. మైదానం మేడ మీద ఉందట, పిల్లలు లిఫ్టులో పోతారట. లిఫ్టులో ఏ కాలు ముందు పెడతారో నాకు తెలియదు. వాళ్ళకు ఫోనులో టిక్కు టిక్కుమని కొలత మోగుతుందట, చిన్న తరగతుల నుంచే అలవాటు కాబట్టి ఎవ్వరూ అడుగు తప్పరట. పోయేటప్పుడు కర్ర ఆ పిల్ల చేతికే ఇచ్చేశాను, నాకు బీరువా మీద దేనికి? కర్ర భుజాన పెట్టుకుని వీధి దాటుతుంటే తలుపు దగ్గర నిలబడి అలవాటుగా ఆ అడుగులు విన్నాను, చక్కగా పడుతున్నాయి. ఆ బడి పిల్లలవీ చక్కగానే పడతాయి, సందేహం లేదు. కానీ టీచరు ఉద్యోగం నిలబడాలని తప్పు కాలు వేసే పిల్ల ఒక్కతైనా ఆమెకు దొరకాలని మాత్రం, అది టీచర్లు కోరుకోదగ్గ కోరిక కాకపోయినా, నేను కోరుకుంటూ ఉన్నాను.