తాళంలో పెట్టిన గరిటె

ఆత్మకూరులో ఫ్యాన్సీ కొట్టు మూసేస్తున్న ఆయన గాజు బీరువాకి తొమ్మిది వేలు చెబితే, మూడున్నర వేలకు దించిన ఘనత నాది.

"ఏందమ్మా, ఊరికే ఇమ్మంటావా?" అన్నాడు విసుగ్గా.

"ఊరికే ఇస్తే బండి బాడుగ కూడా నువ్వే పెట్టుకోవాల" అన్నాను.

నవ్వేసి ఇచ్చేశాడు. ఇంత పెద్ద తప్పును ఇంత చవగ్గా ఈ చుట్టుపక్కల ఎవరూ కొని ఉండరు.

అది ఉదయగిరిలో నేను టీచరుగా ఉన్న అంగన్‌వాడీకి. ఒకటే గది, పెచ్చులూడే గోడలు, బొమ్మలన్నీ గోతంలో. సందు మొగలోకి ప్రైవేటు నర్సరీ వ్యాను రావడం మొదలయ్యాక, డబ్బున్నవాళ్ళ పిల్లలు ఎక్కి పోయారు. గది కళకళలాడితే మిగిలినవాళ్ళు నిలుస్తారని, నాలుగు ముక్కలు నేర్చుకుంటారని నా ఆశ. మా నాయనది ఆత్మకూరు బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల కొట్టు. సరుకు కంటికి కనపడాలి, చేతికి అందకూడదు, అడిగాకే తీయాలి. నాకు వచ్చిన విద్య అదొక్కటే. చెక్క దిమ్మెలు, మట్టి పండ్లు, బొమ్మల పుస్తకాలు వరసగా పేర్చి, తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకున్నాను. తనిఖీకి వచ్చిన మేడం "ఎంత నీటుగా ఉండాది!" అని ఫొటోలు తీసుకుపోయింది. పిల్లలు గాజుకు ముక్కులు ఆనించి చూసేవాళ్ళు. ఆ మరకలు తుడుచుకోవడం నాకో పని.

అప్పుడు చేరింది ఆ పాప. నాలుగేళ్ళు. తల్లి కువైట్‌లో ఇంటిపనికి పోయింది, తండ్రి లారీ డ్రైవరు. పెంచేది అమ్మమ్మ. పిల్ల నానీ అని పిలుస్తుంది. ఆమె చెక్క గరిటెలకు ఉప్పుకాగితం రుద్ది నున్నగా చేసే పనికి పోతుంది.

"నా దగ్గర వసపిట్టే టీచరమ్మా" అంది నానీ. "వాళ్ళ నాయన వస్తే మాత్రం నోరు తెరవదు. మూగదనుకున్నాడు. నేను చెబితే ముసలిదాని ముచ్చట అంటాడు. ఎండాకాలం దాటినాక నెల్లూరులో మూగపిల్లల హాస్టల్లో వేస్తాడంట. ఆ లోపల ఆయన ముందర నాలుగు మాటలు పలికించు తల్లీ."

"నాలుగేంది, నలభై పలికిస్తా" అన్నాను. కొసరు వేయడం నాకు అలవాటు.

నెలలు గడిచాయి. పాప కిటికీ కింద కూర్చునేది, పలికేది కాదు. ఒకరోజు ఇంటి నుంచి ఒక చిన్న గరిటె తెచ్చుకుంది. దానికి గుడ్డపీలిక చుట్టి, ఒళ్ళో పడుకోబెట్టుకుని, తనకు పెట్టిన కోడిగుడ్డులోంచి చిదిపి తినిపిస్తోంది. తలుపు వెనక నుంచి విన్నాను. "తిను. తింటే అమ్మీ ఫోన్ చేస్తాది."

తెలివైనవాళ్ళు చప్పుడు చేయకుండా వెనక్కి పోయేవాళ్ళు. నేను కొట్టు పిల్లని. పోయి గరిటె తీసుకుని, బీరువాలో పెట్టి, తాళం వేశాను.

"ఇవ్వు అని అడుగు. ఇస్తా."

సరుకు కావలసినవాళ్ళు నోరు తెరవక పోతారా అనుకున్నాను. పాప గాజు వైపు చూసింది, నా వైపు చూసింది, పోయి కిటికీ కింద కూర్చుంది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే.

"ఇచ్చెయ్యక్కా, పసిదానితో పంతమేంది?" అంది మా ఆయమ్మ.

"ఒక్కరోజు ఆగు, దిగొస్తాది."

అయిదో రోజు నేనే దిగొచ్చాను. గరిటె తీసి చేతిలో పెడితే పాప వేళ్ళు ముడవలేదు. అది కింద పడింది. తీసుకోలేదు.

ఆ రోజే బీరువా తలుపులు ఊడదీయించి, బొమ్మలన్నీ చాప మీద పోశాను. పిల్లలు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. "తాకండిరా" అంటే, ఒక పిల్ల మట్టి మామిడిపండును ఒక్క వేలితో తాకి, గబుక్కున నా నడుము వైపు చూసింది.

గరిటె కింద పడిన నాటి నుంచి పాప ఇంట్లో నానీతో కూడా పలకడం మానేసింది. ఎండాకాలంలో తండ్రి హాస్టలు ఫారం పట్టుకుని వచ్చాడు.

"మాట్లాడతాది. నేను చెవులారా విన్నాను" అన్నాను.

"ఎవురితో?"

"గరిటెతో."

ఆయన నవ్వలేదు. "ఏదీ, ఒక్క మాట పలికించండి మేడం" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. నేను పాప ముందు గొంతుక్కూర్చుని బతిమాలాను. బేరం పెట్టకుండా నేను ఎవరినైనా అడగడం అదే మొదలు. పాప గోడ చూస్తూ ఉండిపోయింది. ఆయన నా పెన్ను అడిగి తీసుకుని, నా బల్ల మీదే ఫారం మీద సంతకం పెట్టాడు.

పోయిన నెల నానీ నెల్లూరు బస్సు దిగుతూ కనిపించింది. "సైగలు నేర్పినారు టీచరమ్మా. నాక్కూడా అవే చూపిస్తాది. నాకేం తెలుస్తాయి?" అంది. నన్ను ఒక్క మాట అనలేదు.

బిల్లు వేయడం నాకొచ్చిన పనే కాబట్టి, నిజాయితీగా వేస్తాను. బీరువా, బాడుగ, తలుపులు ఊడదీసిన కూలి అన్నీ కలిపి అయిదు వేలు దాటలేదు. దాన్ని కొట్టేయొచ్చు. బీరువా కొన్ననాడు పదకొండు మంది పిల్లలు, ఇప్పుడు ఆరుగురు. అందులో కొంత వ్యాను ఖాతాలో రాయొచ్చు. పాపది మాత్రం ఎవరి ఖాతాలోకీ తోయలేను. నాకు అప్పజెప్పినప్పుడు ఒక్క మనిషితోనైనా మాట్లాడే పిల్ల. నేను అప్పజెప్పినప్పుడు ఎవరితోనూ మాట్లాడని పిల్ల. ఆ తరుగంతా నా చేతిలో పోయిందే.